డబ్బులైపోయాక కాదు, ముందే వెళ్ళండి: ఒడిశా బోర్డర్‌లో మనవాళ్ళు గవర్నమెంటు ఆసుపత్రిని వాడుకునే పద్ధతి

మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళల్లో ఒక వరస చూస్తూనే ఉంటాను. ఒంట్లో బాలేదంటే ముందు వీధి చివర క్లినిక్, తర్వాత నర్సింగ్ హోమ్, అక్కడ తగ్గకపోతే వైజాగ్‌లో ప్రైవేటు, అడ్వాన్సు కట్టు, ఇంకో టెస్టు చేయించు, ఇంకో రెండ్రోజులు ఉంచు, ఇలా పుస్తెలతాడు కూడా తాకట్టులోకి వెళ్ళిపోయాక "ఇంక మా వల్ల కాదు, మెడికల్‌కి తీసుకెళ్ళిపోండి" అంటారు. అప్పుడు తెచ్చి బరంపురం గవర్నమెంటు మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఎమ్‌కేసీజీ (మనం మెడికల్ అనేది దీన్నే) క్యాజువాలిటీలో పడుకోబెడతాం. అప్పటికే పూర్తిగా ముదిరిపోయిన మనిషి అక్కడ పోతే "గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్తే అంతే" అని ఊరంతా చెప్పుకుంటాం. ఈ మాట వింటే నాకు చాలా బాధేస్తుంది, ఎంచేతంటే ఆఖరి గంటలో మనం తీసుకెళ్ళిన కేసుని కూడా వద్దనకుండా చేర్చుకున్నది ఆ ఒక్క చోటే, నింద పడేదీ ఆ చోటి మీదే.

అందుకే ఈ వరస తిరగెయ్యండి అని చెప్పడానికి రాస్తున్నా. ముందు గవర్నమెంటు, అక్కడ దొరకనిదేమైనా ఉంటేనే ప్రైవేటు. ఊరికే వెళ్ళండి అంటే సరిపోదు, అక్కడ ఎలా మసలుకోవాలో తెలియకే చాలామంది ఒకసారి వెళ్ళి విసిగిపోయి వెనక్కి వచ్చేస్తున్నారు, కాబట్టి నాకు తెలిసినంతా వివరంగా చెప్తా.

ముందు డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వం 2017-18లో చేసిన నేషనల్ శాంపిల్ సర్వే లెక్క ప్రకారం, కాన్పులు కాకుండా ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటు వైద్యం ఖర్చు గవర్నమెంటులో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఏడు రెట్లు. ఇది దేశం మొత్తం సగటు, ఐసీయూలో నాలుగు రోజులు పెట్టిన బిల్లు చూసినవాళ్ళకి ఆ ముప్పై వేలు కూడా తక్కువే అనిపిస్తుంది. రోజు కూలి మీదో, చిన్న కిరాణా కొట్టు మీదో, మగ్గం మీదో బతికే ఇంటికి ఈ తేడా అంటే పిల్ల చదువో, ఉన్న అరెకరమో.

ఏ జబ్బుకి ఎక్కడికి వెళ్ళాలి

చాలామంది జలుబుకీ, బీపీ మాత్రలకీ కూడా నేరుగా మెడికల్‌కే వెళ్ళి ఆ క్యూ చూసి భయపడిపోతారు. అలా అక్కర్లేదు. మీ ఊరికి దగ్గర్లో సబ్‌సెంటర్ ఉంటుంది, 2023 నుంచి వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు పెట్టారు. అక్కడ ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగరు ఊరికే చూస్తారు, ఉన్నట్టు తేలితే మాత్రలు కూడా ఊరికే ఇస్తారు. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలు ఇవి, ప్రైవేటు డాక్టరు రాసే చీటీలో ఉండేది కూడా చాలాసార్లు ఇదే మందు, కంపెనీ పేరు వేరు అంతే. నెలనెలా ఎనిమిది వందలో వెయ్యో మెడికల్ షాపులో పెట్టేవాళ్ళు ఆ పాత స్ట్రిప్పు పట్టుకెళ్ళి అక్కడున్న సిస్టర్‌కి చూపించి ఇదే మందు మీ దగ్గర ఉందా అని అడగండి. చాలావరకు ఉంటుంది.

దాని పైన సీహెచ్‌సీ, అంటే కమ్యూనిటీ హెల్త్ సెంటర్, అక్కడ డాక్టరు ఉంటారు, కాన్పులు, కుక్క కాటు, పాము కాటు, జ్వరాలు అక్కడ అయిపోతాయి. దాని పైన జిల్లా ఆసుపత్రి, పర్లాకిమిడిలో, రాయగడలో, మల్కన్‌గిరిలో ఉన్నవి అవే. సబ్‌సెంటర్ నుంచి జిల్లా ఆసుపత్రి దాకా ఒడిశాలో వైద్యం అందరికీ ఉచితం, దానికి ఏ కార్డూ అడగరు. ఆ పైన మెడికల్ కాలేజీలు. బరంపురంలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుతో 1962లో మొదలైన ఎమ్‌కేసీజీ, కొరాపుట్‌లో 2017లో వచ్చిన షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. బోర్డర్ దాటితే శ్రీకాకుళం, వైజాగ్. వైజాగ్ కేజీహెచ్ 1923 నుంచి ఉంది, మన తాతల కాలం నుంచి ఇటువైపు జనం పెద్దాసుపత్రి అంటూ రైలెక్కి వెళ్ళింది దానికే.

మెడికల్ ఓపీలో ఎలా మసలుకోవాలి

ఇక్కడే అసలు కిటుకంతా ఉంది, జాగ్రత్తగా చదవండి.

పొద్దున్నే వెళ్ళాలి, ఓపీ తెరిచేసరికి టికెట్ కౌంటర్ దగ్గర ఉండాలి. పది దాటాక వెళ్తే డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం, ఆయన రాసిన రక్త పరీక్షకి శాంపిల్ ఇచ్చే టైము దాటిపోతుంది, మళ్ళీ రేపు రావాలి. అదే పొద్దున్నే వెళ్తే చాలాసార్లు అదే రోజు రక్తం ఇచ్చేయొచ్చు. ఖాళీ కడుపుతో చేసే పరీక్ష రాస్తారేమో అనుకుంటే టిఫిన్ చేయకుండా వెళ్ళి, డబ్బా చేతిలో పెట్టుకోండి, షుగరు మందులు వాడేవాళ్ళు మాత్రం ఇలా చేయొద్దు, వాళ్ళు తినే వెళ్ళండి.

ఆధార్, ఫోను, పాత కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో తేదీల వారీగా. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ డాక్టరుకి మీ కోసం దొరికేది కొన్ని నిమిషాలు, ఆ నిమిషాలు కవర్లో కాగితాలు వెతకడానికే అయిపోతే మీ జబ్బు గురించి ఎప్పుడు అడుగుతారు? వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్ళండి, "తెల్లది, గుండ్రంగా ఉంటుంది" అంటే ఎవరికీ తెలియదు. ఆభా నంబరు, అంటే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా నంబరు చేయించుకుని ఉంటే చాలా ఆసుపత్రుల్లో కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ ఫోన్‌లోకే వచ్చేస్తుంది, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ పని వాళ్ళకి అప్పజెప్పండి.

తర్వాత యూనిట్ల సంగతి. మెడికల్ కాలేజీల్లో ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో రెండు మూడు యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో కొన్ని ఓపీ రోజులు. మొదటిసారి మిమ్మల్ని చూసింది ఏ యూనిటో టికెట్ మీద రాసి ఉంటుంది, మళ్ళీ చూపించుకోవడానికి అదే యూనిట్ రోజునే వెళ్ళాలి. ఇది తెలియక వేరే రోజు వెళ్ళి, వేరే డాక్టరు మళ్ళీ మొదటినుంచి అడిగేసరికి "వీళ్ళకి ఏమీ తెలియదు, రోజుకో మాట చెప్తారు" అనుకుని వచ్చేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. బయటికి వచ్చేముందు "మళ్ళీ ఏ రోజు రావాలి, ఏ రూముకి రావాలి" అని అడిగి టికెట్ వెనక రాయించుకోండి.

ఇంకో అపోహ. "పెద్ద డాక్టరు చూడలేదు, ఎవరో చిన్న పిల్లలు చూశారు" అంటారు. ఆ చిన్న పిల్లలు పీజీలు, అంటే ఎంబీబీఎస్ పూర్తిచేసి స్పెషలిస్టు చదువు చదువుతున్న డాక్టర్లు. వార్డులో చేరాక మీ కేసు వాళ్ళు రాసుకుని పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసర్ ముందు చెప్పాలి, ఆయన అడిగే ప్రశ్నలకి జవాబివ్వాలి, తప్పయితే అక్కడే సరిదిద్దుతారు. ఒక రోగిని ముగ్గురు నలుగురు డాక్టర్లు వరసగా చూసి వాదించుకునే చోటు ఇంకెక్కడుంది? చిన్న నర్సింగ్ హోమ్‌లో రాత్రి పూట డ్యూటీ డాక్టరు ఒక్కరుంటే గొప్ప. కాబట్టి రౌండ్స్ టైముకి ఇంటి మనిషి ఒకరు మంచం దగ్గర తప్పకుండా ఉండండి, టీకి వెళ్ళిపోవద్దు, మీకున్న సందేహాలు రెండో మూడో కాగితం మీద రాసుకుని అప్పుడే అడగండి.

భాష గురించి భయపడకండి. బరంపురం, పర్లాకిమిడిలో తెలుగు అర్థమయ్యే స్టాఫ్ ఎవరో ఒకరు తగుల్తూనే ఉంటారు. అయినా ఇంట్లో ముసలివాళ్ళకి ఒడియా రాకపోతే వచ్చినవాళ్ళని తోడు పంపండి. ఎవరూ లేకపోతే రెండు మాటలు నేర్చుకోండి చాలు: "డాక్టర్ కేతేబేళే బసిబే?" అంటే డాక్టరు ఎప్పుడు కూర్చుంటారు అని, "ఏఇ ఔషధ నిరామయరే అఛి కి?" అంటే ఈ మందు నిరామయలో ఉందా అని.

ఈ రెండో మాట చాలా ముఖ్యం. నిరామయ అంటే ఒడిశా ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ఉచిత మందుల పథకం, ఆసుపత్రి లోపలే కౌంటర్ ఉంటుంది. డాక్టరు చీటీ రాయగానే చాలామంది గేటు బయటున్న షాపులకి వెళ్ళిపోతారు, కొందరిని దళారులు చేయి పట్టుకుని తీసుకెళ్తారు. ముందు నిరామయ కౌంటర్‌కి వెళ్ళండి, అక్కడ లేదు అన్న మందులు మాత్రమే బయట కొనండి, అది కూడా దగ్గర్లో జన ఔషధి కేంద్రం ఉంటే అక్కడ. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు లోపల చేసేవి బయట చేయించొద్దు, వాటికి నిదాన్ అని ఉచిత పరీక్షల పథకం ఉంది. బయట ల్యాబ్‌లో అయితే తొందరగా ఇస్తారని ఎవరైనా చెవిలో చెప్తే, ఆ మాట చెప్పే మనిషి మెడలో ఐడీ కార్డు ఉందో లేదో చూడండి.

అడ్మిట్ అయితే చాప, రెండు దుప్పట్లు, బకెట్టు, మగ్గు, గ్లాసు, సబ్బు, ఫోన్ ఛార్జరు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. రద్దీ ఉంటుంది, బాత్రూములు బాగోవు, కొన్ని వార్డుల్లో మంచం దొరక్క కింద పడుకోబెడతారు, ఇవన్నీ నిజం, నేను దాచను. కానీ ఏసీ రూము వల్ల జ్వరం తగ్గదు, మందు వల్ల తగ్గుతుంది.

పరుగెత్తాల్సిన వేళల్లో

పాము కరిస్తే ఆలోచించొద్దు, నేరుగా గవర్నమెంటే. కట్లు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నాటు మందు అని టైము పోగొట్టొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా పెట్టి 108కి ఫోను చేసి దగ్గర సీహెచ్‌సీకో జిల్లా ఆసుపత్రికో. అక్కడ కొంచెం రక్తం గాజు ట్యూబులో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు, దాంతో రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కిందో లేదో తెలుస్తుంది. తాచు, కట్లపాము విషం రక్తం మీద కాదు నరాల మీద పనిచేస్తుంది కాబట్టి కళ్ళు మూతలు పడుతున్నాయా, మింగలేకపోతున్నారా అన్నది చూసుకుంటారు. విషం ఎక్కిందని తేలితే ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ మొదటి విడతే 8 నుంచి 10 వయల్స్, అదంతా ఉచితం. చిన్న ప్రైవేటు క్లినిక్కులు పాము కేసు అనగానే చాలావరకు పంపించేస్తాయి, అలా అక్కడికీ ఇక్కడికీ తిరిగిన ఆ గంటే ప్రాణాంతకం అవుతుంది.

కుక్క కరిస్తే ముందు సబ్బూ కుళాయి నీళ్ళతో 15 నిమిషాలు గాయం కడగాలి, తర్వాత ఆసుపత్రికి. గవర్నమెంటులో చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో (0 అంటే మొదటి టీకా వేసిన రోజు), ఒక్కటి కూడా మానకూడదు. రక్తం కారే గాయమైతే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అది బయట కొంటే వేలల్లో ఉంటుంది, కాబట్టి మొదటిరోజే అడిగి వేయించుకోండి.

కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ కొండల వైపు ఉద్యోగాలకో వ్యాపారానికో వెళ్ళివచ్చేవాళ్ళకి జ్వరం వస్తే మలేరియా పరీక్ష అదే రోజు చేయించాలి. ఆశా దీదీ దగ్గరే కిట్ ఉంటుంది, వేలి నుంచి ఒక చుక్క రక్తంతో పావుగంటలో తేలిపోతుంది, మాత్రలు కూడా ఆవిడే ఇస్తుంది. మారుమూల ఊళ్ళ కోసమే ఒడిశా 2017 నుంచి దమన్ అని ఒక కార్యక్రమం నడుపుతోంది, జ్వరం లేనివాళ్ళకి కూడా ఆ ఊళ్ళకే వెళ్ళి పరీక్ష చేసి మందిస్తారు. వానలో వాగులు దాటి వెళ్ళే ఆ ఆడవాళ్ళకి మనం చేతులెత్తి దణ్ణం పెట్టాలి, ఇది మాటవరసకి అనడం లేదు.

కాన్పు, పిల్లల టీకాలు

మన దగ్గర తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తుంది. ఇచ్ఛాపురం, సోంపేట, పాతపట్నం అత్తారిళ్ళ నుంచి బరంపురం, పర్లాకిమిడి పుట్టిళ్ళకి, అటునుంచి ఇటు ఇటునుంచి అటు. కార్డు ఆ రాష్ట్రానిది కదా ఇక్కడ చూస్తారా అని భయపడి చాలామంది ప్రైవేటులో చేర్చేస్తున్నారు. చూస్తారు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం దేశమంతటికీ ఒకటే, గవర్నమెంటు ఆసుపత్రిలో మామూలు కాన్పయినా సిజేరియన్ అయినా మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల బండి అన్నీ ఉచితం, పుట్టిన బిడ్డకి జబ్బు చేస్తే ఆ వైద్యం కూడా. బండికి 102 నంబరు. అమ్మాయి తల్లీబిడ్డ కార్డు మాత్రం తప్పకుండా వెంట తెచ్చుకోవాలి, టీకాలు, రక్తం గ్రూపు, బీపీ అన్నీ అందులోనే ఉంటాయి. ఒడిశాలో కాన్పు అయితే జననీ సురక్ష కింద పల్లెల వాళ్ళకి 1,400, టౌను వాళ్ళకి 1,000 రూపాయలు ఇస్తారు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టరు ప్రత్యేకంగా చూసే రోజు, ఆ తేదీ క్యాలెండర్ మీద గుండ్రంగా గీసి పెట్టుకోండి. కొండ ప్రాంతాల్లో ఆసుపత్రి దూరమైన వాళ్ళకి మా గృహ అని వసతి కేంద్రాలు ఉన్నాయి, నొప్పులు మొదలవకముందే కొద్ది రోజులు ముందొచ్చి అక్కడ ఉండొచ్చు.

సిజేరియన్ గురించి ఒక మాట. 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగే కాన్పుల్లో 47.4 శాతం సిజేరియన్లు, గవర్నమెంటు ఆసుపత్రుల్లో 14.3 శాతం. ప్రైవేటుకి వెళ్ళే ఆడవాళ్ళ శరీరాలు వేరుగా ఏమీ ఉండవు కదా. గవర్నమెంటు లేబర్ రూములో కేకలేస్తారు, గౌరవంగా మాట్లాడరు అని అమ్మాయిలు చెప్తారు, అది కొన్నిచోట్ల నిజమే, మారాల్సిందే, అమ్మాయి తరఫున గట్టిగా మాట్లాడగలిగే అత్తయ్యనో పిన్నినో తోడు ఉంచండి. కానీ ఆ భయంతో అవసరం లేని కోత కోయించుకోవడం, దానికి యాభై వేలు అప్పు చేయడం నాకు అస్సలు నచ్చదు.

పిల్లల టీకాలయితే ఇంక చెప్పక్కర్లేదు. రోటా వైరస్ టీకా 2016లో మన దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రా రెండూ ఉన్నాయి. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ ప్రైవేటులో ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది, అంగన్‌వాడీలో టీకాల రోజు వెళ్తే ఊరికే వేస్తారు. ఖరీదు పెట్టి కొన్న టీకా మంచిదేమో అనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, 2014లో మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది ఊరికే వేసిన చుక్కలతోనే.

పిల్లలకి పుట్టుకతో గుండెలో రంధ్రమో, గ్రహణం మొర్రో, వంకర పాదమో ఉంటే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం కోసం ఉన్న కేంద్ర పథకం) అని అడగండి, 18 ఏళ్ళ దాకా ఆపరేషన్‌తో సహా ఉచితం. టీబీ అయితే కళ్ళె పరీక్ష దగ్గర్నుంచి ఆరు నెలల మందుల దాకా ఉచితం, పైగా తిండికి నెలకి 1,000 రూపాయలు బ్యాంకులో వేస్తారు. కంటి శుక్లాల ఆపరేషన్ కూడా ఉచితమే.

పెద్ద జబ్బులు, కార్డులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చుట్టాలు లేని తెలుగు ఇల్లు గంజాం జిల్లాలో ఉండదేమో. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకెళ్ళిపోయిందో మనకి తెలుసు. అక్కడ పుట్టి పెరిగి ఇటు వచ్చినవాళ్ళు, నొప్పి ఏమీ లేకపోయినా, ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) చేయించుకోండి, జిల్లా ఆసుపత్రిలో ఉచితం. డయాలసిస్ దాకా వస్తే వారానికి రెండు మూడుసార్లు, బతికినన్నాళ్ళూ. ప్రైవేటులో ఒక్కోసారికి వేలల్లో పెట్టి ఎంత ఆస్తి ఉన్నా ఎన్నాళ్ళు లాగగలరు? ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో ఉచిత డయాలసిస్ ఉంది, అటువైపు వాళ్ళకి పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మా పిన్ని డయాలసిస్ గవర్నమెంటులోనే జరిగేది, అక్కడి టెక్నీషియన్ కుర్రాడు ఆవిడ రాకపోతే ఇంటికి ఫోను చేసి మరీ కనుక్కునేవాడు.

కార్డు సంగతి జాగ్రత్తగా వినండి, బోర్డర్‌లో గందరగోళమంతా ఇక్కడే. ఒడిశాలో 2018 నుంచి బీఎస్‌కేవై (బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన) అనే ఆరోగ్య పథకం ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి దాని బదులు ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అది ఆ రాష్ట్రం వాళ్ళకి, ఒడిశా రేషన్ కార్డు ఉన్న మనకి రాదు. తెలుగు మాట్లాడితే ఇస్తారనుకుని వైజాగ్ వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడిపోయినవాళ్ళున్నారు. కానీ ఆయుష్మాన్ కార్డుకి రాష్ట్రం అడ్డు లేదు, ఆ పథకంలో చేరిన ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా చెల్లుతుంది. కాబట్టి వెళ్ళే ముందే 14555కి ఫోను చేసి ఆ ఆసుపత్రి లిస్టులో ఉందా, మన జబ్బుకి ఆ ఆసుపత్రిలో ప్యాకేజీ ఉందా అని రెండూ అడగండి, ఒకటి అడిగి ఊరుకోవద్దు. ఇంట్లో 70 దాటినవాళ్ళుంటే రేషన్ కార్డుతో, ఆదాయంతో సంబంధం లేకుండా వాళ్ళకి వయ వందన కార్డు వస్తుంది, ఆధార్ ఉంటే చాలు. జబ్బు వచ్చాక కాదు, ఇవాళే చేయించండి, ఐసీయూ బయట నిలబడి వేలిముద్ర పడట్లేదని ఏడ్చేవాళ్ళని చూశాను.

కార్డు మీద ప్రైవేటులో చేరినా ప్యాకేజీలో ఉన్నవాటికి విడిగా డబ్బు అడగకూడదు. అడిగితే రసీదు ఇమ్మనండి, మళ్ళీ అదే 14555కి ఫిర్యాదు చేయండి.

క్యాన్సరు అనుమానం ఉంటే టైము పోగొట్టొద్దు. కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మనకి ఇంకో దారి వైజాగ్ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, అది కూడా కేంద్ర ప్రభుత్వం కిందదే.

ప్రైవేటుకి ఎప్పుడు వెళ్ళాలి

ప్రైవేటు వాళ్ళంతా దొంగలని నేను అనను. మంచి డాక్టర్లు ఉన్నారు, మాకు సాయం చేసినవాళ్ళు కూడా ఉన్నారు. గుండెపోటు వచ్చి పక్కనే ప్రైవేటు ఉంటే అక్కడికే వెళ్ళండి, ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు ప్రథమ చికిత్స చేయాలి, కాగితాలు, డబ్బులు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది, అది ప్రైవేటుకీ వర్తిస్తుంది. గవర్నమెంటులో ఆ స్పెషలిస్టు పోస్టు ఖాళీగా ఉన్నా, స్కాన్‌కి నెల తర్వాత డేటు ఇచ్చినా బయట ఆ ఒక్క పని చేయించుకుని మళ్ళీ గవర్నమెంటు డాక్టరుకే చూపించండి, మొత్తం వైద్యం అటు మార్చేయక్కర్లేదు.

ప్రైవేటులో ఆపరేషన్ అన్నారంటే మాత్రం, అర్జెంటు కేసు కాకపోతే, ఆ కాగితాలు పట్టుకుని మెడికల్ ఓపీకి ఒకసారి వెళ్ళిరండి. ఆ ఆపరేషన్ చేస్తే అక్కడి డాక్టరు జీతం పెరగదు, చేయకపోతే తగ్గదు, అందుకే ఆ అభిప్రాయం విలువైనది. ముఖ్యంగా గర్భసంచి తీసేయాలి అన్నప్పుడు. నలభై కూడా రాని ఆడవాళ్ళకి తెల్లబట్ట అవుతోందనో, రక్తస్రావం ఎక్కువనో, "ఉంచితే క్యాన్సరు అవుతుంది" అని భయపెట్టో గర్భసంచి తీసేయడం ఆంధ్రాలో ఎంత ఎక్కువో కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి, దేశంలో అన్నిటికన్నా పైన ఉన్నది ఆ రాష్ట్రమే. మన ఇళ్ళనుంచి కూడా అక్కడికే వెళ్ళి చేయించుకుని వస్తున్నారు. మా వీధిలో ఒక అక్కకి ఒక నర్సింగ్ హోమ్‌లో అలాగే చెప్తే, మెడికల్‌లో చూపించాక మందులతోనే తగ్గింది, ఇప్పటికీ గర్భసంచి ఉంది, బాగానే ఉంది.

ఎక్కడ చేరినా కేసు షీటు, రిపోర్టుల కాపీలు అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల రూల్సులోనే ఉంది.

లంచం అడిగితే, కేకలేస్తే

స్ట్రెచర్ తోయడానికో, మగపిల్లాడు పుట్టాడనో వందా రెండొందలు అడిగేవాళ్ళు ఉంటారు. ఇవ్వొద్దు. గొడవ కూడా పెట్టుకోవద్దు, తేదీ, టైము, వార్డు రాసుకుని సూపరింటెండెంట్ ఆఫీసులో ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. 104కి ఫోను చేసి కూడా చెప్పొచ్చు.

బాగా చూసిన నర్సు పేరు, డాక్టరు పేరు కూడా అలాగే రాసి అదే ఆఫీసులో ఇవ్వండి. తిట్లు వాళ్ళకి రోజూ వస్తాయి, మంచి మాట కాగితం మీద రావడం అరుదు. డబ్బులు, చీరలు ఏమీ వద్దు.

ఇంట్లో పద్దెనిమిది దాటిన కుర్రాళ్ళు, అమ్మాయిలు ఉంటే మెడికల్ బ్లడ్ బ్యాంకుకి పంపండి. కాన్పుల్లో, సికిల్ సెల్ అనే రక్త జబ్బున్న పిల్లలకి, యాక్సిడెంట్ కేసులకి ఊరికే ఎక్కించే ఆ రక్తం ఎవరో ఇస్తేనే ఉంటుంది, ముఖ్యంగా ఎండాకాలంలో కాలేజీలకి సెలవులిచ్చి క్యాంపులు ఆగిపోయినప్పుడు బాగా కరువు. బరువు కనీసం 45 కిలోలు ఉండాలి, మగవాళ్ళు 3 నెలలకోసారి, ఆడవాళ్ళు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు, టిఫిన్ చేసి, నీళ్ళు బాగా తాగి వెళ్ళాలి.